ఈ పూట మోషన్ అయిందా?

హైదరాబాద్‌లోని గాజులరామారంలో ఓ అద్దె ఇంట్లో నడిచే వసతి గృహాన్ని ఊహించుకోండి. మేధో వైకల్యం ఉన్న పాతికమంది అక్కడ ఉంటారు. వారిలో మాటలు రాని ఓ ముప్పయ్యేళ్ల యువకుడు రెండు రోజులుగా పళ్లెం నెట్టేస్తున్నాడు. చెయ్యి కొరుక్కుంటున్నాడు, పొట్ట మీద గుద్దుకుంటున్నాడు. ‘మళ్లీ మొండికేశాడు’ అంటారు సిబ్బంది. మత్తుమందు డోసు పెరుగుతుంది. ‘దొడ్డికి పోయి ఎన్ని రోజులైంది?’ అని మాత్రం ఎవరూ అడగరు. పగటి ఆయమ్మ రాత్రి అయ్యుంటుందనుకుంటుంది, రాత్రి ఆయమ్మ పగలు అయ్యుంటుందనుకుంటుంది.

ఇది అరుదైన సంగతి కాదు. నెదర్లాండ్స్‌లో ఇలాంటి సంస్థల్లో ఉండేవారిని పరిశీలించి 2001లో వెలువరించిన అధ్యయనంలో దాదాపు 70 శాతం మందికి మలబద్ధకం ఉన్నట్లు తేలింది. ఎక్కువసేపు కూర్చునే ఉండడం, కండరాల పట్టు తగ్గడం ఇందుకు కొంత కారణం. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో థైరాయిడ్ లోపం కూడా తోడవుతుంది. మానసిక సమస్యలకిచ్చే కొన్ని మందులు, వాటి వల్ల వచ్చే వణుకు తగ్గడానికిచ్చే మాత్రలు, ఐరన్ మాత్రలు పేగు కదలికను మందగింపజేస్తాయి. పక్క తడుపుతారన్న భయంతో సాయంత్రం నుంచి నీళ్లు తగ్గించే అలవాటు వీటికి తోడైతే మలం రాయిలా గట్టిపడుతుంది.

అసలు మోసం ఇంకొకటుంది. గట్టిపడిన మలం పక్కనుంచి నీళ్లలాంటి విరేచనం జారుతుంది. అది చూసి విరేచనాలు కట్టే మాత్ర ఇస్తే లోపలి అడ్డు ఇంకా బిగుస్తుంది.

పట్టించుకోకపోతే ప్రాణం మీదికీ వస్తుంది. డౌన్ సిండ్రోమ్ ఉన్న రిచర్డ్ హ్యాండ్లీ ఇంగ్లండ్‌లో 2012లో 33 ఏళ్ల వయసులో చనిపోయాడు. మలబద్ధకం అతనికి పుట్టినప్పటి నుంచీ ఉన్నదే, అందరికీ తెలిసినదే. అతనుండే ఇంటి నిర్వహణ పద్ధతి మారాక ఆహార నియమం, రోజువారీ గమనింపు సడలిపోయాయి. ఆస్పత్రిలో అతని పేగు నుంచి సుమారు 10 కిలోల మలం తీయాల్సి వచ్చింది. అంటే లోపించింది వైద్య విజ్ఞానం కాదు, రోజూ చూసి రాసిపెట్టే మనిషి.

అందుకే మొదటి మందు గోడకు తగిలించే ఒక పట్టిక. ఎవరు, ఏ రోజు, ఏ పూట, ఎలా వెళ్లారో ఆయమ్మ అక్కడే రాయాలి. మలాన్ని గట్టి ఉండల నుంచి నీళ్లదాకా ఏడు రకాలుగా చూపే బ్రిస్టల్ బొమ్మల పట్టిక పక్కనే ఉంటే చదువు రానివారు కూడా వేలు పెట్టి చూపించగలరు. మూడు రోజులు గడి ఖాళీగా ఉంటే డాక్టరుకు చెప్పాలి. పొట్ట ఉబ్బినా, వాంతులైనా, రక్తం పడినా మూడు రోజులు ఆగకూడదు, వెంటనే తీసుకెళ్లాలి.

టిఫిన్ తిన్న పావుగంట, అరగంటకు పేగు తనంతట తానే కదులుతుంది. బాత్రూముకు తీసుకెళ్లడానికి మంచి వేళ అదే. కమోడ్ మీద కాళ్లు గాల్లో వేలాడకుండా కింద చిన్న పీట వేయాలి, మోకాళ్లు నడుముకన్నా పైకి లేవాలి. తలుపు వేయాలి, తొందరపెట్టకూడదు. తోటకూర, జొన్నరొట్టె, మెత్తటి బొప్పాయి మేలు చేస్తాయి. మింగడం కష్టమైనవారికి, నీళ్లు సరిగా తాగనివారికి డాక్టరును అడగకుండా ఇసబ్‌గోల్ ఇవ్వకూడదు, గొంతులోనో పేగులోనో అడ్డుపడవచ్చు. లాక్టులోజ్ లాంటి విరేచనకారి మందులు కూడా డాక్టరు చెప్పిన మోతాదులోనే వాడాలి.

పుట్టినరోజులకు ఇలాంటి గృహాలకు కేకులు, బిర్యానీ పట్టుకెళ్లడం మన నగరంలో అలవాటు. ఈసారి వెళ్తే ఓ బుట్టెడు బొప్పాయిలు కూడా తీసుకెళ్లండి. వచ్చేముందు గోడమీది పట్టికను ఒకసారి చూడండి. గడులు నిండి ఉంటే, నోరు తెరిచి చెప్పలేనివారిని ఆ ఇంట్లో ఎవరో రోజూ అడుగుతున్నారన్నమాట.