కోతియు పుట్టగొడుగును

కోతిని గూర్చియు పుట్టగొడుగును గూర్చియు ఒక్కచోట ముచ్చటింపబూనుట మీకు వింతగా తోపవచ్చును. ఒకటి కొమ్మనుండి కొమ్మకు దుముకును. రెండవది మొలచినచోటనే నిలిచి, కొలది దినములలో కుళ్లిపోవును. ఈ రెంటికిని పొత్తేమి?

నేను చిరకాలము బడిలో పాఠములు చెప్పినవాడను. కోతి జంతువనియు, పుట్టగొడుగు ఆకులులేని మొక్కయనియు పిల్లలచే వల్లె వేయించితిని. అందు రెండవమాట తప్పు. దానిని దిద్దుకొనుటయే ఈ ప్రసంగమునకు ప్రయోజనము.

ముందు మన కోతిని చూతము. దీని నడినెత్తినుండి వెండ్రుకలు నలుదెసలకు పరచుకొని టోపీవలె నుండును. శాస్త్రజ్ఞులు దీనిని మకాకా రేడియాటా యందురు. దక్షిణభారతమున దక్క మరెక్కడను ఇది సహజముగా లేదు. దొరకిన పండ్లను గబగబ దవడసంచులలో నించుకొని, వేరొకచోట కూర్చుండి తీరికగా నమలి, గింజల నుమియును. ఇట్లు తానెరుగకయే అడవిలో విత్తనములు చల్లును.

ఇక వానకాలమున పుట్టలపై లేచు తెల్లని గొడుగులను మీరెరుగుదురు. వానిలో నొక జాతి టెర్మిటోమైసిస్ హైమీ. చెదపురుగులు ఎండుటాకులను, పుల్లలను తిని, సరిగా జీర్ణముకాని మలముతో పుట్టలోపల అరలు కట్టి, వానిపై బూజును పెంచును. కొయ్యను మెత్తబరచు పని బూజుది. దానిని భుజించుట పురుగుల వంతు. మనము చూచు గొడుగు ఆ బూజునకు కాచిన కాయవంటిది.

మొక్క యెండలో తన యన్నమును తానే వండుకొనును. పుట్టగొడుగునకు పత్రహరితము లేదు. కోతివలె పరుల యార్జితముపై బ్రదుకును. అది నిలువచేసికొనునది మొక్కలలోని పిండిపదార్థము కాదు. మన కాలేయమునందువలె గ్లైకోజెన్. దాని కణముల గోడలలో రొయ్యపెంకునందలి కైటిన్ గలదు. 1969లో విట్టేకర్ అను శాస్త్రజ్ఞుడు శిలీంధ్రములను మొక్కలనుండి విడదీసి వేరు రాజ్యముగా నిలిపెను. 1993లో ప్రకటితమైన పరిశోధన శిలీంధ్రములకు జంతువులే దగ్గరి చుట్టములని చూపెను. కాన పుట్టగొడుగు చెట్టుకంటె కోతికే చేరువ!

భేదమొక్కటి. కోతి ఆహారమును మింగి లోపల జీర్ణించుకొనును; శిలీంధ్రము జీర్ణరసములను వెలుపలికి విడిచి, కరగినదానిని పీల్చుకొనును.

ఒకటి అడవికి విత్తును, రెండవది రాలినదానిని మరల మన్నుగా మార్చును. మనము బాటప్రక్క పండ్లు విసరినచో కోతి అడవి పని మాని బాటను పట్టును. పుట్టను కూల్చినచో రెండవ పని ఆగును. ఈ కోతిజాతి ఇప్పటికే అపాయమునకు లోనగు జాతుల పట్టికకెక్కినది. ఇద్దరు చుట్టముల పనికిని అడ్డురాకుండుటయే మనము అడవికి చేయగల సాయము.