దారి విడిచే ఆధారం

అనకాపల్లి జిల్లా కృష్ణదేవిపేటలో అల్లూరి సీతారామరాజు సమాధి ఉన్నది. 1922 ఆగస్టులో ఆయన అనుచరులు చింతపల్లి, కృష్ణదేవిపేట ఠాణాలపై దాడి చేసి తుపాకులు చేజిక్కించుకొన్నారు. అంతకుముందు ఆ మన్యవీరులకు అలవాటైన ఆయుధం విల్లంబులే. అటువంటి నాటువిల్లు పట్టినవానికి బాణం ఆనించడానికి తన పిడికిలే ఆధారం.

అయితే ఇందులో ఒక చిక్కు ఉన్నది. అల్లెత్రాడు విడిచినప్పుడు బాణం వంగుతూ, అల్లల్లాడుతూ ముందుకు దూకుతుంది. తోకనున్న ఈకలు ఆధారాన్ని రాచుకొంటే గురి చెదురుతుంది. గురి చెదిరిన బాణం మృగాన్ని చంపదు. గాయపరచి బాధకు విడిచిపెడుతుంది.

1966లో అమెరికావాసి హోలిస్ ఆలెన్ పేటెంటు కోరిన కాంపౌండు విల్లుకు కప్పీలు, కేబుళ్లు ఉంటాయి. ఇటువంటి విండ్లకు అమర్చే ‘డ్రాప్ అవే రెస్టు’ పై చిక్కును విప్పుతుంది. దాని సన్నని త్రాడును కేబులుకు గాని, వింటికొమ్ముకు గాని కడతారు. విల్లు లాగితే రెస్టు లేచి బాణాన్ని మోస్తుంది. విడిచిన వెంటనే క్రిందికి వాలి ఈకలకు దారి ఇస్తుంది.

ఎంచుకొనేవారు చూడవలసినవి మూడు: నడకలో బాణం జారకుండా పట్టి ఉంచడం, చప్పుడు చేయకపోవడం, వాలిన తరువాత తిరిగి ఎగరకపోవడం. కేబులుకు కట్టిన త్రాడు వదులైతే రెస్టు పూర్తిగా లేవదు. రెస్టుపై పొడి చల్లి బాణం వేస్తే, ఈక తగిలినదీ లేనిదీ ఆ పొడిలోని చారలే చెబుతాయి.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. కనుక ఇక్కడ ఈ పరికరానికి తగిన చోటు క్రీడారంగమే. విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో మూడు స్వర్ణాలు గెలుచుకొన్నది కాంపౌండు విల్లుతోనే. గురి మృగమైనా, బల్లమీది చక్రమైనా నియమం ఒక్కటే: పోయే ఈకకు ఏదీ అడ్డు తగలరాదు.