చంటిబిడ్డతో తొలి విదేశయాత్ర



ఈ సాయంకాలము నేను మీతో ముచ్చటింప దలచిన విషయము కొందరికి వింతగ తోపవచ్చును. ఎనిమిది నెలల పసిబిడ్డను విమానమెక్కించి సముద్రము దాటించుటకు ముందు ఇంటి పెద్దలు చేయవలసిన పనులేవి యన్నదే ఆ విషయము. “అది పట్టణవాసుల వేడుక, మనకేల?” యని మీరనవచ్చును. కాని మన ఓరుగల్లు ప్రాంతమున గల్ఫు దేశములకో, అమెరికాకో బిడ్డను పంపని యూరు నేడు అరుదు. పోయినవారిని చూచుటకు ఉన్నవారు పోవుటయు మొదలైనది. నేడు మీ యింట లేని ప్రయాణము రేపు కలుగవచ్చును.

నా కుమారుడు దుబాయిలో కొలువు చేయుచున్నాడు. సెలవు దొరకక చెల్లెలి కాన్పునకు రాలేకపోయెను. మేనకోడలిని ఛాయాచిత్రములందే చూచుకొనుచుండెను. అందుచే నా కుమార్తెయు, అల్లుడును పది దినముల సెలవు పెట్టి, బిడ్డను వెంటబెట్టుకొని పోవ నిశ్చయించిరి. వారిరువురకును అదియే మొదటి విదేశయాత్ర. సన్నాహముల భారము నాపై బడెను. అందు నేను నేర్చినదానిని, తప్పినదానిని దాచక చెప్పెదను.

మొదటిది కాగితముల సంగతి. చంకనున్న పిల్లకు వేరే పాస్‌పోర్టు ఏల యని నేననుకొంటిని. తల్లి పాస్‌పోర్టులో పేరు చేర్చిన చాలునను పూర్వపు మాట నేడు చెల్లదు. నిన్న పుట్టిన బిడ్డకైనను తన పాస్‌పోర్టు, తన వీసా వేరుగ నుండవలెను. పిల్లల పాస్‌పోర్టు అయిదేండ్ల వరకే చెల్లును. దానికి మూలము జనన ధ్రువపత్రము. 1969 నాటి జనన మరణముల నమోదు చట్టము ప్రకారము బిడ్డ పుట్టిన 21 దినములలో నమోదు కావలెను. 2023 అక్టోబరు 1వ తేదీన, ఆ పిమ్మట పుట్టినవారికి పాస్‌పోర్టు కొరకు పుట్టిన తేదీకి ఈ పత్రము తప్ప మరియొక సాక్ష్యము పనికిరాదు. మనలో పెక్కు ఇండ్ల బారసాల 21వ నాడే జరుగును. తొట్టెలో బిడ్డను వేయు నాటికే నమోదు జరిగినదా యని తాత విచారించుట మేలు. పేరు పెట్టకమున్నే నమోదైనను, ఏడాదిలోపల రుసుము లేకుండ పేరు చేర్పింపవచ్చును.

ఇచ్చట నా తప్పు చెప్పవలెను. ఆసుపత్రిలో తల్లి పేరడిగినప్పుడు, ఆ సంతోషములో నేను నా కుమార్తె ముద్దుపేరు చెప్పితిని. అదియే ధ్రువపత్రమున పడెను. ఆమె పాస్‌పోర్టులో ఇంటిపేరుతో గూడిన నిండుపేరు కలదు. ఈ రెండును కలియలేదు. ముప్పదియేండ్లుగ నేను పిలిచిన పేరు ప్రభుత్వమునకు ఎరుగని పేరయ్యెను! ఆ దిద్దుబాటునకు అయిదు వారములు పట్టినది. అక్టోబరులో అనుకొన్న ప్రయాణము డిసెంబరునకు జరిగినది. కుమారుడు తెచ్చుకొన్న సెలవు వ్యర్థమై, మరల అడుగుకొనవలసి వచ్చెను. కావున తల్లిదండ్రుల పేర్లను వారి కాగితములు చూచి, అక్షరము తప్పకుండ వ్రాయింపుడు. నోటితో చెప్పకుడు.

వరంగల్లు తపాలా కార్యాలయమున పాస్‌పోర్టు సేవా కేంద్రము గలదు. హైదరాబాదు పోవలసిన పనిలేదు. బిడ్డను కూడ తీసికొని పోవలెను. తల్లిదండ్రులిరువురును అంగీకారపత్రముపై వ్రాలు చేయవలెను. నాలుగేండ్లలోపు పిల్లలకు తెల్లని వెనుకభాగముతో దీసిన ఛాయాచిత్రమును మనమే తీసికొని పోవలెను. బిడ్డ కన్నులు తెరచి యుండవలెను. మా యింట ఆమె అవ్వ చెక్కిలిపై దిట్టముగ దిష్టిచుక్క పెట్టి పంపెను. ముఖము కడిగి మరల తీయించవలసి వచ్చెను. దిష్టి ఇంటికి వచ్చిన పిదప తీయవచ్చును.

రెండవది ఆరోగ్యము. ప్రయాణమునకు నెల ముందుగనే టీకాల పుస్తకము పట్టుకొని వైద్యుని చూడుడు. ఆరు, పది, పదునాలుగు వారముల టీకాలు పూర్తి కావలెను. తట్టు, రుబెల్లా టీకా మన దేశమున తొమ్మిది నెలలు నిండిన పిమ్మట వేయుదురు. అంతకుముందే విదేశమునకు పోవువారికి, ఆరు నెలలు దాటినచో, కొందరు వైద్యులు ముందుగ నొక మోతాదు ఇత్తురు. అది లెక్కకు రాదు. తొమ్మిదవ నెల టీకా మరల వేయింపవలసినదే. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకింపరాదు. అందుండు సూక్ష్మజీవుల విత్తనములు పసిపిల్లల ప్రేగులలో మొలచి విషమును పుట్టింపగలవు. దారిలో నిద్రపోవుటకని దగ్గు మందు పోయుట ప్రమాదకరము.

విమానమున బిడ్డలు ఏల యేడ్తురో చాలమందికి తెలియదు. తిరుమల కొండ సుమారు మూడువేల అడుగుల యెత్తు. బస్సు ఘాటు రోడ్డు ఎక్కుచుండగ మీ చెవులు దిమ్మెక్కిన సంగతి జ్ఞాపకము చేసికొనుడు. గ్రుక్క మ్రింగిన వెంటనే అవి తెరచుకొనును. విమానములోని గాలి ఆరు మొదలు ఎనిమిది వేల అడుగుల కొండమీది గాలివలె నుండును. గొంతునుండి చెవికి పోవు సన్నని గొట్టము మ్రింగినప్పుడు తెరచుకొని, లోపలి గాలిని బయటి గాలిని సమానము చేయును. పెద్దలు ఎంగిలి మ్రింగుదురు. పసివారికి ఆ యుపాయము తెలియదు. కావున విమానము లేచునప్పుడు, అంతకంటె ముఖ్యముగ దిగునప్పుడు, తల్లి పాలిచ్చిన చాలును. దిగుట ప్రారంభమైన వెంటనే బిడ్డను లేపి పట్టవలెను.

రెండేండ్లలోపు బిడ్డకు వేరే యాసనము అక్కరలేదు. తల్లి ఒడిలో ప్రత్యేకపు పట్టీతో కూర్చుండబెట్టుదురు. ముందుగ నడిగినచో, పెక్కు కంపెనీలు తమ కొలతకు తగిన బిడ్డలకు తొట్టె అమర్చును. విమానము ఊగునప్పుడు మాత్రము బిడ్డను తొట్టెనుండి తీసి ఒడిలోనికి తెచ్చుకొనవలెను. చేతిసంచిలో ద్రవములు నూరు మిల్లీలీటర్లకు మించరాదను నియమమున్నను, బిడ్డకు దారిలో కావలసిన పాలకు, ఆహారమునకు మినహాయింపు గలదు. వెండి మొలత్రాడు, కడియములు తనిఖీలో గంట మ్రోగించును. వాటిని ఇంట నుంచుట సుఖము.

అందరును విమానపు గంటలే లెక్కింతురు. దుబాయికి గాలిలో సుమారు నాలుగు గంటలు. కాని 2008లో తెరచిన శంషాబాదు విమానాశ్రయమునకు మన యూరినుండి మూడు నాలుగు గంటల దారి. అచట మూడు గంటలు ముందుగ నుండవలెను. మొత్తము పదునొకండు గంటలకు బట్టలు, పాలు, గుడ్డలు సిద్ధపరపుడు. అచటి గడియారము మనకంటె గంటన్నర వెనుక. ఇచట అయిదింటికి లేచు మా పిల్ల అచట మొదటి రెండు దినములు మూడున్నరకే లేచి, మేనమామను లేపి ఆడించుకొనెనట!

ఇక కడపటిది, నాకు నేటికిని గుండె దడ పుట్టించు సంగతి. ప్రయాణమునకు ముందు రాత్రి నా భార్య కుమారుని కొరకు మాంసపు కూరలో వేయు మసాలా పొడి కొట్టి, మూటగట్టి బిడ్డ బట్టల నడుమ దాచెను. అచట పది యేండ్లుండి తిరిగివచ్చిన మా పొరుగువాడు వీడ్కోలు చెప్పవచ్చి, ఆ వాసన పసిగట్టి, “అవ్వా, ఇందులో గసాలు వేసినవా?” యని యడిగెను. “గసాలు లేని మసాలా యెక్కడిది బిడ్డా?” యని ఆమె నవ్వెను. అతని ముఖము వెలవెలబోయెను. గసగసాలు నల్లమందు మొక్క విత్తనములు. ఐక్య అరబ్బు ఎమిరేట్లలో వాటిని మత్తుపదార్థముల చట్టము క్రింద నిషేధించిరి. తీసికొని పోవువారు చెరసాల పాలు కాగలరు. తెలియదను మాట అచట రక్షింపదు. ఆ మూట చిక్కినచో దోషి యగువాడు నా యల్లుడు. తల్లి ప్రేమయే బిడ్డను కట్టివేసెడిది! ఆ రాత్రి పెట్టెలన్నియు విప్పి, పేరు తెలియని ప్రతి పొడిని తీసివేసితిమి. అదేవిధముగ కొన్ని దగ్గు మందులకు, నొప్పి మందులకు అచట ఆంక్షలు గలవు. మందులను వాటి పెట్టెలతోనే, వైద్యుని చీటితో పంపవలెను; పొట్లములలో కట్టరాదు.

మరియొక మాట. మనము కారులో బిడ్డను ఒడిలో పెట్టుకొందుము. ఆ దేశమున 2017 నుండి నాలుగేండ్లలోపు పిల్లలకు కారులో ప్రత్యేకాసనము విధిగ నుండవలెను. నా కుమారుడు ముందుగనే దానిని అమర్చి యుంచెను. చట్టము మాట యట్లుండగ, అది బిడ్డ ప్రాణమునకు రక్ష. మన త్రోవలకును అవసరమే.

పెద్దలారా, ఒకప్పుడు ప్రయాణమునకు పోవు బిడ్డకు మనము తిథి వారములు చూచి, అరిసెలు కట్టి పంపుచుంటిమి. అవి మానుమని నేననను. ధ్రువపత్రములోని పేరును, టీకాల పుస్తకమును, పెట్టెలోని పొడిని కూడ చూడుడని మాత్రము వేడుచున్నాను. తెలియని ప్రేమ పయనమున బరువు; తెలిసిన ప్రేమ తోడు. మా పిల్ల క్షేమముగ తిరిగివచ్చినది. మసాలా మాత్రము ఈ పర్యాయము మా కుమారుడు అచటనే కొనుక్కొనెను.

సెలవు.