గడపచెంత పట్ట – దాని వెనుకతట్టు

‘ఇంటిని చూచి యిల్లాలిని చూడు’మని మన పెద్దల సామెత. ఇంటికి వచ్చినవారి కంట మొదట పడునది గడప; గడప దాటగనే పాదము మోపునది పట్ట. గడపకు పసుపు పూసి, ముగ్గు పెట్టి గౌరవించు మనము, దాని చెంత పఱచు పట్టను గూర్చి యంతగా విచారింపము. రంగును చూచి కొందుము, మాసిన నుతుకుదుము, చినిగిన పాఱవేయుదుము. పూర్వపు గోనెపట్టకు, ఈతచాపకు నీ పద్ధతి చాలియుండెను. అడుగున నురుగు రబ్బరు గలిగి, ఉతికి వాడుకొనదగిన నేటి పట్టలకు మాత్రమిది చాలదు. వానికి పైతట్టు శోభ, వెనుకతట్టే ప్రాణము.

హైదరాబాదునందలి తార్నాకలోను, దాని నానుకొనియున్న ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణములోను కాపురముండు గృహిణుల కీ విషయము మఱింత యవసరము. ఇచ్చటి పాత యిండ్లలో షాహాబాదు బండలు, తాండూరు బండలు పఱచియుండును. క్రొత్త వాటాలలో నద్దమువలె మెఱయు పలకలు వచ్చినవి. కాళ్లు కడుగుకొని లోనికి వచ్చుట మన యాచారము. అలికిన మట్టినేల యా తడిని పీల్చుకొనెడిది; ఈ పలకలు చుక్కనైనను పీల్చుకొనవు. పైగా ఉద్యోగము చాలించి విశ్రాంతి గైకొన్న పెద్దలు, కొడుకుల చెంతకు వచ్చిన వృద్ధులైన తలిదండ్రులు లేని యిల్లీ ప్రాంతమున నరుదు.

మా వీథిలో నొక పెద్దమ్మగారు శ్రావణ శుక్రవారమునాడు తలంటి పోసికొని వచ్చుచు, స్నానపుగది ముందరి పట్ట జాఱుటచే పడిపోయిరి. తుంటి యెముక విఱిగినది. మూడు నెలలు మంచము దిగలేదు. ఆ పట్ట చూచుటకు క్రొత్తదివలెనే యుండెను. వారి కోడలు దానిని వారము వారము శ్రద్ధతో నుతుకుచుండెను. త్రిప్పి చూడగా రబ్బరు పిండివలె రాలిపోయినది. ఉతుకుటయందు లోపము లేదు. ఉతికిన పిమ్మట వెల్లకిల త్రిప్పి మండుటెండలో నాఱవేయుటయే చేటు తెచ్చినది.

ఈ రబ్బరు స్వభావము నెఱిగినచో కారణము తేటపడును. కేరళదేశమున విరివిగా పెంచు రబ్బరుచెట్టు బెరడునకు గాటు పెట్టగా తెల్లని పాలు స్రవించును. అందు నించుమించు మూడవ వంతు రబ్బరు. తక్కినది చాలవఱకు నీరు. పచ్చి రబ్బరు వేసవిలో జిగురై, చలికి పెళుసగును. గంధకముతో కలిపి కాచినచో గట్టిపడి సాగుడుగుణము నిలుపుకొనునని 1839లో అమెరికాదేశీయుడగు చార్లెస్ గుడ్‌ఇయర్ కనుగొనెను. ఆ పాలను మజ్జిగవలె చిలికి, గాలి నింపి, నురుగునే గట్టిపఱచు విధానమును 1929లో ఇంగ్లండునందలి డన్‌లప్ సంస్థలోని రసాయనజ్ఞులు సాధించిరి. అట్టి నురుగునే గుడ్డ వెనుక పూసి, వేడిచే గట్టిపఱచి పట్టలు చేయుదురు. కొన్నిటికి చెట్టుపాలకు మాఱుగా కృత్రిమ రబ్బరు వాడుదురు.

మెత్తని రబ్బరు పాదము బరువునకు నొదిగి, నేలలోని సూక్ష్మమైన హెచ్చుతగ్గులను పట్టుకొనును. అందుచే పట్ట కదలదు. నడుమ దుమ్ముగాని, నీటిపొరగాని చేరెనా, ఆ పట్టు తప్పును. కావున తడినేలపై పట్టను పఱుపరాదు. నేలను, రబ్బరును తుడిచి, రెండును పొడిగా నున్నప్పుడే పఱుపవలెను.

రబ్బరునకు శత్రువులు పెక్కు. మొదటిది యెండ. గాలిలోని ప్రాణవాయువు రబ్బరును మెల్లగా తినుచుండును. ఎండయు, వేడియు నా పనిని త్వరపెట్టును. నలువది డిగ్రీలు దాటు మన వేసవిలో కాలిన డాబాపై నాఱవేసిన పట్ట యెన్నాళ్లు మన్నును? రెండవది నూనె. తలంటినాడు కాఱు నువ్వులనూనె, వంటింట చిందు పోపునూనె, కిరసనాయిలు – ఇవి తగిలిన రబ్బరుబ్బి మెత్తబడును. మూడవది తెలుపు చేయుటకు వాడు బ్లీచింగు పొడి. నాల్గవదానిని మనలో ననేకు లెఱుగరు, అది రాగి. చింతపండుతో తోమిన రాగిచెంబు కడిగిన నీటిలో రాగి కొంత కరిగియుండును. అది రబ్బరు క్షయమును హెచ్చించును. పూజాపాత్రలు తోముచోట నీ పట్ట నుంచరాదు.

ఇక నుతుకు విధము. మొదట దులిపి దుమ్ము పోగొట్టవలెను. చల్లని లేక గోరువెచ్చని నీటిలో కొంచెము సబ్బు కలిపి, పైతట్టును మెత్తని కుంచెతో రుద్దవలెను; వెనుకతట్టును చేతితో పామిన చాలును. బోరునీరు కఠినజలమైనచోట సబ్బు తెట్టెకట్టి రబ్బరుగుల్లలలో నిలిచి, పట్టను జాఱునట్లు చేయును. కావున సబ్బు తక్కువగాను, జాడించుట యెక్కువగాను ఉండవలెను. మెలిపెట్టి పిండరాదు, చుట్టగా చుట్టి యదిమిన నీరు పోవును. పిమ్మట నీడలో, గాలి యాడుచోట, పూర్తిగా ఆఱువఱకు వ్రేలాడదీయవలెను. ఇస్త్రీపెట్టె తగులనీయరాదు.

కొనునప్పుడు పువ్వులను చూచుటకు ముందు వెనుకకు త్రిప్పుడు. బొటనవ్రేలితో రుద్దుడు, తెల్లని పొడి యంటినచో, సుద్ద మితిమీఱి కలిపినదో, అంగడిలోనే పాతబడినదో యని యెంచుడు. ఒక మూల మడిచి విడువుడు. మడత పగిలిన దానిని ధర తగ్గించినను కొనకుడు. ప్లాస్టిక్ తివాచీ పఱచిన గదిలో రబ్బరు చిరకాలము తగిలియున్నచోట పసుపు మరక పడవచ్చును.

అన్ని చోట్లకు నీ పట్టయే తగునని నా యభిప్రాయము కాదు. వానయు, ఎండయు తగులు వీధిగుమ్మమునకు కొబ్బరిపీచు పట్టయే మేలు. ముందుగదికి 2018లో భౌగోళికగుర్తింపు పొందిన మన వరంగల్ జంపఖానాలున్నవి. అవియు నున్నని నేలపై జాఱును గనుక, అడుగున రబ్బరువల పఱచుకొనుట మంచిది. స్నానపుగది ముందరను, వంటింటి తొట్టిచెంతను మాత్రము నురుగు రబ్బరు పట్టయే యుపకారి.

తార్నాకలో 1944లో వెలసిన పరిశోధనశాల నేడు భారతీయ రసాయన సాంకేతిక సంస్థయై యున్నది. విశ్వవిద్యాలయ సాంకేతిక కళాశాలలో రసాయన యంత్రశాస్త్రమును, వస్త్రశాస్త్రమును బోధించుచున్నారు. ఇంత విద్య చెంతనుండగా దానిలో చిటికెడైనను మన గడప లోపలికి రావలదా? సోదరీమణులారా! నెలకొకమాఱు, అమావాస్యకు ఇల్లు కడుగు నాడు, ప్రతి పట్టను త్రిప్పి చూడుడు. రబ్బరు రాలుచున్నచో, పైగుడ్డ యెంత ముచ్చటగా నున్నను మమకారము విడిచి తీసివేయుడు. దుర్వాయువు వెలువడును గాన కాల్పకుడు. పట్ట వెల స్వల్పము. అత్తగారి నడకకు, కడుపుతోనున్న కోడలి యడుగునకు వెల కట్టగలవా రెవరు?