ఆపరేషను అయినా ఆరోగ్య కేంద్రంతో పని ఉంది

దంపతులారా!

ఇద్దరు పిల్లలు చాలుననుకొని మన పల్లెల్లో చాలామంది స్త్రీలు పాతికేళ్ళకు అటూ ఇటూగా కుటుంబ నియంత్రణ ఆపరేషను చేయించుకొంటారు. మంచి పనే. కాని ఆ తర్వాత "ఇక మాకు దవాఖానతో పనేముంది?" అని ఈ గడప తొక్కరు. ముప్పై ఏళ్ళు నిండగానే వారికి మరొక పరీక్ష అవసరం. అదే గర్భసంచి మూతి కాన్సరు పరీక్ష.

2022లో మన దేశంలో సుమారు 1 లక్షా 27 వేల మంది స్త్రీలకు ఈ కాన్సరు వచ్చిందని, సుమారు 80 వేల మంది మరణించారని అంచనా. ముందుగా కనిపెడితే ఆపగల జబ్బు ఇది. అయినా 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 30–49 ఏళ్ళ స్త్రీలలో నూటికి ఇద్దరు కూడా ఎన్నడూ ఈ పరీక్ష చేయించుకోలేదు.

ఈ జబ్బు ఎందుకు వస్తుంది?

హెచ్.పి.వి. అనే వైరస్ వలన వస్తుంది. ఇది కలయిక ద్వారా అంటుతుంది. చాలామందికి ఒకటి రెండేళ్ళలో దానంతట అదే పోతుంది. కొందరిలో మాత్రం ఉండిపోయి, గర్భసంచి మూతి పైపొరను మెల్లమెల్లగా మారుస్తుంది. ఆ మార్పు కాన్సరుగా ముదరడానికి సాధారణంగా 15 నుండి 20 ఏళ్ళు పడుతుంది. వైరస్ ఎన్నో ఏళ్ళు బయటపడకుండా ఉండగలదు గనుక, భార్యాభర్తలు ఒకరినొకరు అనుమానించుకోవలసిన పని లేదు.

ఆపరేషను వలన గాని, కాపర్-టి వలన గాని ఈ కాన్సరు రాదు. నిరోధ్ వాడితే వైరస్ అంటడం కొంత తగ్గుతుంది, పూర్తిగా ఆగదు.

పరీక్ష ఎలా చేస్తారు?

ఆరోగ్య కార్యకర్త చాటుగా పడుకోబెట్టి, గర్భసంచి మూతికి పలుచని వెనిగర్ నీళ్ళు అద్ది ఒక నిమిషం ఆగి చూస్తుంది. మార్పు ఉన్నచోట తెల్లని మచ్చ కనబడుతుంది. కోత లేదు, కుట్టు లేదు, మత్తు లేదు. కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. ముట్టు రోజుల్లో వద్దు. 2016 నాటి కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం 30 నుండి 65 ఏళ్ళ స్త్రీలు 5 ఏళ్ళకొకసారి చేయించుకోవాలి.

తెల్లమచ్చ కనబడినంత మాత్రాన కాన్సరు అని కాదు. ముదరని మార్పును చల్లదనంతోనో వేడితోనో అక్కడికక్కడే మాపవచ్చు. గర్భసంచి తీయనక్కరలేదు. మన వైపు తెల్లబట్ట అయితే చాలు గర్భసంచి తీయించుకొనే అలవాటు ఎక్కువ. ముందు పరీక్ష, తర్వాతనే ఆ మాట.

ఊరు కలిస్తే ఏమవుతుంది?

మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లా పల్లెల్లో 1999లో మొదలుపెట్టి 1 లక్షా 31 వేలకు పైగా స్త్రీలపై ఒక పెద్ద అధ్యయనం జరిగింది. ఒక్కసారి హెచ్.పి.వి. పరీక్ష చేసిన ఊళ్ళలో, 8 ఏళ్ళు గడిచేసరికి, ఈ కాన్సరు చావులు పరీక్ష చేయని ఊళ్ళతో పోలిస్తే సగానికి తగ్గాయి.

మన దగ్గర మేడ్చల్ మండలం పల్లెల్లో కూడా స్త్రీలకు ఈ పరీక్షలు చేసి చూశారు. అక్కడ స్త్రీలు తమంతట తామే తీసి ఇచ్చిన నమూనాల ఫలితాలు, డాక్టరు తీసిన నమూనాల ఫలితాలతో చాలావరకు సరిపోయాయని 2009లో ప్రచురించారు. అంటే సిగ్గు పెద్ద అడ్డంకి కానక్కరలేదు.

అసలు అడ్డంకులు వేరు. "మంచిగనే ఉన్న కదా, నాకెందుకు?" అని ఆమె అంటుంది. ఒకపూట కూలి పోతుంది. పిల్లలను చూసేవారుండరు. ఇవి ఒక్క స్త్రీ వలన తీరేవి కావు.

అందుచేత:

మహిళా సంఘం సమావేశంలో ఆశా కార్యకర్తను పిలిచి, 30 దాటిన వారి పేర్లు రాయించండి. నాట్లు, కోతలు లేని రోజు చూసుకొని, నలుగురైదుగురు కలిసి ఒకే ఆటోలో రండి.

భర్తలారా! ఆ పూట పొలం పని, పిల్లల పని మీరు చూడండి. వీలైతే తోడు రండి.

అత్తలారా! కోడలిని పంపండి, 65 దాటకుంటే మీరూ రండి.

ఇంట్లో 9 నుండి 14 ఏళ్ళ ఆడపిల్ల ఉంటే హెచ్.పి.వి. టీకా గురించి ఇక్కడే అడగండి. టీకా వేసుకున్న పిల్ల కూడా పెద్దయ్యాక పరీక్ష చేయించుకోవలసిందే.

కలయిక తర్వాత రక్తం కనబడినా, ముట్టు ఆగిన తర్వాత మళ్ళీ ఎర్రబట్ట అయినా, దుర్వాసనతో తెల్లబట్ట అవుతున్నా ఆ రోజు కోసం ఆగకండి. వెంటనే రండి. పెద్ద వైద్యం కావలసివస్తే హైదరాబాదు రెడ్‌హిల్స్‌లో 1955 నుండి ఎం.ఎన్.జె. ప్రభుత్వ కాన్సరు ఆస్పత్రి ఉంది. పెద్ద అంబర్‌పేట్ వైపు వారు విజయవాడ రోడ్డున ఎల్.బి. నగర్ చేరి, అక్కడ మెట్రో ఎక్కి లక్డీకాపూల్‌లో దిగితే దగ్గర.

ఈ కాగితం చదివినవారు చదవడం రానివారికి చదివి వినిపించండి. పరీక్ష ఏ రోజు చేస్తారో ఇప్పుడే నర్సమ్మను అడిగి తెలుసుకొని ఇంటికి వెళ్ళండి.