మెల్లగా వెళ్తే... మొసలి కనిపిస్తుంది!

అడవి జంతువుల్ని చూడాలంటే ఆఫ్రికా దాకా వెళ్లాలా? అక్కర్లేదు. పల్నాడులో, మాచర్ల - నాగార్జునసాగర్ రోడ్డు మీద కాస్త నిదానంగా వెళ్తే చాలు!

మాచర్ల దాటగానే మిరపచేలు వెనకబడి రాళ్లగుట్టలు, ముళ్లపొదలు మొదలవుతాయి. ఎనభై మీద దూసుకెళ్లేవారికి అదంతా ఒట్టి కంప. అదే తెల్లవారుజామున నలభైలో వెళ్తూ చూడండి. నెమలి తోక ఈడ్చుకుంటూ రోడ్డు దాటుతుంది. పొదల వెనకాల అడవిపంది కదులుతుంది. మాచర్ల చెన్నకేశవుడి పాదాల చెంత పారిన చంద్రవంక ఈ దారిలోనే కృష్ణమ్మను వెతుక్కుంటూ వెళ్తుంది.

నోరు తెరిచింది కోపంతో కాదు

సాగర్ ఇంకా పదకొండు కిలోమీటర్లుందనగా ఎత్తిపోతల. చంద్రవంకతో నక్కల వాగు, తుమ్మల వాగు కలిసి డెబ్భై అడుగుల ఎత్తు నుంచి దూకేది ఇక్కడే. వచ్చినవారంతా జలపాతాన్ని చూసి, ఫొటో దిగి వెళ్లిపోతారు. అసలు సంగతి కింద మడుగులో ఉంది. అది మొసళ్ల సంరక్షణ కేంద్రం!

చలికాలం ఉదయాల్లో ఇవి ఒడ్డున రాళ్లమీద ఎండ కాచుకుంటాయి. గంటలకొద్దీ కదలకపోతే రాయేననుకుంటాం. కొన్ని నోరు బార్లా తెరుచుకుని ఉంటాయి. ఎవర్నో మింగడానికి కాదు, ఒంట్లో వేడి తగ్గించుకోవడానికి. వేసవి ముందు ఆడ మొసలి ఒడ్డున గుంట తవ్వి పాతిక, ముప్పై గుడ్లు పెడుతుంది. రెండు నెలలకు లోపల్నుంచి పిల్లల కూతలు వినిపించగానే మట్టి తీసి, వాటిని నోట కరుచుకుని నీళ్లలో వదులుతుంది. అంత కరకు పళ్ల మధ్య పిల్లకు చిన్న గాటు కూడా పడదు!

అవతల పులుల రాజ్యం

ఇక్కడికి పడమరగా నల్లమల. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన నాగార్జునసాగర్ - శ్రీశైలం అడవి 1983లో ప్రాజెక్టు టైగర్‌లో చేరింది. రాష్ట్ర విభజన తర్వాత కృష్ణకు అవతలి భాగం తెలంగాణలో అమ్రాబాద్ పులుల అభయారణ్యమైంది. చిరుతలు, ఎలుగుబంట్లు, దుప్పులు, కణుజులు, రేచుకుక్కలు... అన్నీ ఇక్కడివే. పల్నాటి ఎండలకు వాగులు ఎండితే వాటికి కృష్ణ నీళ్లే దిక్కు.

అఖిల భారత లెక్కింపు ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 2018లో 48గా ఉన్న పులులు 2022 నాటికి 63 అయ్యాయి. సంతోషమే. కానీ సంఖ్య పెరిగితే అవి కొత్త చోటు వెతుక్కుంటాయి. 2023 మేలో దుర్గి మండలంలో పులులు తిరుగుతున్నాయని తెలిసి ఊళ్లు ఉలిక్కిపడ్డాయి. పశువును పోగొట్టుకున్న రైతుకు పరిహారం ఎంత త్వరగా అందితే పులికి అంత క్షేమం. కడుపుమండినవాడు కళేబరం మీద విషం చల్లితే ఆ పులి మళ్లీ కనిపించదు.

అక్కడ గేటు... ఇక్కడ?

దక్షిణాఫ్రికాలోని క్రూగర్ పార్కులో సాబీ నది వెంట ఓ తారురోడ్డు ఉంది. ఏనుగులు, సింహాలు, నీటి గుర్రాలు కనిపించే ఆ దారిలో ఎవరి కారు వారే నడుపుకోవచ్చు. కానీ వేగం గంటకు 50 కిలోమీటర్లు దాటకూడదు. నిర్దేశిత చోట్ల తప్ప కారు దిగకూడదు. చీకటి పడేలోగా గేటు బయటో, బస దగ్గరో ఉండాలి. మన దోర్నాల - శ్రీశైలం ఘాట్‌లోనూ రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా రాకపోకలు ఆపేస్తారు.

మాచర్ల - సాగర్ దారి అలా కాదు. అది జాతీయ రహదారి, రాత్రంతా లారీలు తిరుగుతూనే ఉంటాయి. హెడ్‌లైటు కళ్లలో పడితే జింక పరుగెత్తదు, ఉన్నచోటే బిగుసుకుపోతుంది. అక్కడ దాన్ని కాపాడేది బ్రేకు మీద కాలొక్కటే. జంతువును చూసేందుకు తగ్గించే వేగమే దాని ప్రాణమూ నిలుపుతుంది.

వెళ్లాలనుకుంటే...

* గుంటూరు నుంచి మాచర్లకు రైలు, బస్సు ఉన్నాయి. అక్కణ్నుంచి సాగర్ వైపు వెళ్తే ఎత్తిపోతల.
* మొసళ్ల కోసం చలికాలం ఉదయాలు మేలు. బైనాక్యులర్ ఉంటే ఇంకా బాగా కనిపిస్తాయి.
* మడుగు దగ్గరకు దిగొద్దు, రాళ్లు విసరొద్దు. కోతులకు చిప్స్, బిస్కెట్లు పెట్టొద్దు. తిండి కోసం అవి రోడ్డెక్కి చక్రాల కింద పడతాయి.