తిరుత్తణి, తిరువళ్ళూరు సీమలో ఇంజనీరింగు విద్యార్థుల కార్ఖానా శిక్షణ

చెన్నపట్టణమునుండి పడమరకు సాగు రైలుమార్గమున అంబత్తూరు, ఆవడి, తిరువళ్ళూరు, అరక్కోణము దాటిన పిమ్మట తిరుత్తణి వచ్చును. 1960 ఏప్రిల్ 1వ తేదీ వరకు ఈ తాలూకా చిత్తూరు మండలములోనిది. సరిహద్దుల మార్పుతో నాడు మదరాసు రాష్ట్రమున చేరి, 1997లో ఏర్పడిన తిరువళ్ళూరు జిల్లాలో నేడు భాగమై యున్నది. తెలుగు మాటలాడు కుటుంబములు ఈ ప్రాంతమున ఇప్పటికిని పెక్కు కలవు. ఈ రైలుదారి వెంట ఒకవైపు కార్ఖానాలు, మఱియొకవైపు ఇంజనీరింగు కళాశాలలు పెరిగినవి. కాని ఈ రెంటికిని నడుమ సంబంధము ఇరుగుపొరుగు వారి సంబంధమును మించి ముందునకు పోలేదనవలెను.

ఈ రెంటిని కలుపు పద్ధతి ఒకటి లోకమున చిరకాలముగ నున్నది. దానిని సహకార విద్యావిధానమందురు. సహకారమనగనే పరపతి సంఘములు స్ఫురించుట సహజము. ఇచట సహకారము కళాశాలకును కార్ఖానాకును నడుమ జరుగునది. 1906లో అమెరికాలోని సిన్‌సినాటి విశ్వవిద్యాలయమున హెర్మన్ ష్నైడర్ అను ఆచార్యుడు 27 మంది విద్యార్థులతో దీనిని ఆరంభించెను. ఆయన విద్యార్థులను రెండు జట్లుగ విభజించెను. ఒక జట్టు కళాశాలలో పాఠములు వినుచున్న వారము రెండవ జట్టు కార్ఖానాలలో పనిచేయును. మఱుసటి వారము స్థానములు తారుమారగును. పిమ్మట ఈ వారపు గడువు అనేక విద్యాలయములలో నెలలకు పెరిగినది.

ఇందలి కీలకము ఆ తారుమారులోనే యున్నది. ఒక కార్ఖానా 20 స్థానములు కేటాయించినచో 40 మంది విద్యార్థులకు పని లభించును. ఏడాది పొడుగున ఒక్క స్థానమును ఖాళీపడదు. కావున యజమానికి విద్యార్థి అతిథి కాడు, పనివాడే. జీతమును పనికి తగినదే. అదే విద్యార్థి మరల వచ్చినపుడు మునుపటికంటె క్లిష్టమైన పని అప్పగింతురు. ఒకనాడు బస్సులో పోయి యంత్రములను చూచివచ్చు సందర్శనమునకును, వేసవిలో రెండువారములు గడపి ధ్రువపత్రము తెచ్చుకొను శిక్షణకును దీనికిని పోలికయే లేదు.

ఈ విధానమునకును తిరుత్తణికిని ఒక చిత్రమైన సంబంధము కలదు. 1888లో తిరుత్తణిలో జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణన్ 1948లో నియమితమైన విశ్వవిద్యాలయ విద్యాసంఘమునకు అధ్యక్షులు. అందలి సభ్యులలో ఒకరు ఆర్థర్ మోర్గన్. ఆయన ఒహాయో రాష్ట్రమున వరదలను అరికట్టు కట్టడములు నిర్మించిన ఇంజనీరు. స్వయముగ పట్టభద్రుడు కాడు. అయినను ఆంటియోక్ కళాశాలకు అధ్యక్షుడై, 1921లో చదువును పనిని మార్చి మార్చి సాగించు పద్ధతిని అచట ప్రవేశపెట్టెను. ఇంజనీరింగు విద్యార్థులకు కార్ఖానా అనుభవము కలుగవలెననియు, అందులకు యజమానులును ప్రభుత్వశాఖలును తోడ్పడవలెననియు 1949లో ఆ సంఘము సమర్పించిన నివేదిక కోరినది.

అటు పిమ్మట చట్టము వచ్చినది. 1961 నాటి అప్రెంటిస్ చట్టము మొదట చేతిపనులు నేర్చువారికే వర్తించెడిది. 1973లో జరిగిన సవరణతో ఇంజనీరింగు పట్టభద్రులును, డిప్లొమా పొందినవారును అందు చేరిరి. పట్టమునకై శిక్షణ పొందుచున్నవారికిని తావు కలిగినది. నిర్ణీతమైన కనీస స్టైపెండులో సగము కేంద్ర ప్రభుత్వము భరించును. అయితే ఆచరణలో ఈ శిక్షణ సాధారణముగ చదువు ముగిసిన పిమ్మట వచ్చు ఒక్క సంవత్సరము మాత్రమే. కార్ఖానాలో కలిగిన సందేహమును మరల తరగతికి తెచ్చి అడుగు అవకాశము అప్పటికి తీరిపోవును. ఈ లోపము చిన్నది కాదు.

తమిళనాటి పాలిటెక్నిక్కులలోని శాండ్‌విచ్ డిప్లొమా ఈ లోపమును కొంత తీర్చినది. మూడున్నరేండ్ల ఆ చదువులో కార్ఖానా శిక్షణ నడుమ ఒకమారు, తుదిని ఒకమారు వచ్చును. కోయంబత్తూరులోని పి.ఎస్.జి. కళాశాలలో శాండ్‌విచ్ పట్టపు చదువు ఐదేండ్లు. పిలానీలోని బిర్లా విద్యాసంస్థ 1973లో ప్రాక్టీస్ స్కూలు పేర ఇట్టి ఏర్పాటునే నెలకొల్పినది.

తిరువళ్ళూరు జిల్లాలోను దాని పొరుగునను పనికి కొదువ లేదు. ఎన్నూరులో అశోక్ లేలాండ్, ఆవడిలో యుద్ధశకటముల కర్మాగారము, 1964లో వెలసిన అంబత్తూరు పారిశ్రామికవాడ, ఉత్తరమున గుమ్మిడిపూండి కలవు. చిక్కు పరీక్షలలో నున్నది. విశ్వవిద్యాలయమునకు అనుబంధమైన కళాశాలలన్నిటికిని పాఠ్యక్రమమును పరీక్షలును ఒక్కటే. ఒక అర్ధసంవత్సరపు పాఠము ఏడాదికి ఒక్కమారే చెప్పుదురు. రెండు జట్లు తారుమారు కావలెనన్నచో అదే పాఠము ఏట రెండుమార్లు చెప్పవలెను. అనగా అధ్యాపకుల పని పెరుగును. స్వయంప్రతిపత్తి గల కళాశాలలకు మాత్రము ఈ సంకెల లేదు. అవి తలచినచో చేయగలవు.

ఇది ఎవరికి ముఖ్యము? పళ్ళిపట్టు, తిరుత్తణి ప్రాంతములలో మరమగ్గములపై బ్రదుకు కుటుంబములు అనేకము. అట్టి ఇంటి బిడ్డ ఇంజనీరింగున చేరినపుడు జీతము కట్టుటయే ఇంటివారికి భారము. చదువుచున్న కాలముననే ఆర్జించిన కూలి ఆ భారమును కొంత తగ్గించును. మఱియు ఆ విద్యార్థికి ఇంట తెలుగు, గ్రంథమున ఆంగ్లము, కార్ఖానాలో తమిళము. లేతు యంత్రముకడ నిలిచి ఫోర్‌మన్‌తో వాదింపగల భాష పుస్తకమున దొరకదు. అచట పనిచేసియే నేర్వవలెను.

అంబత్తూరులోని చిన్న కార్ఖానాదారులు ఒక్కొక్కరు ఇద్దరు ముగ్గురిని మించి తీసికొనలేరు. అందుచేత పది కార్ఖానాలు కూడి ఒక కళాశాలతో ఒడంబడిక చేసికొని, విద్యార్థిని ఒకచోట తరిమెనకును, వేఱొకచోట పోతపనికిని, ఇంకొకచోట తనిఖీకిని పంపుట సులభమైన మార్గము. అందులకు కళాశాలలో ఈ పనినే చూచు ఒక అధ్యాపకుడు ఉండి, నెలకొకమారైనను కార్ఖానాకు పోయి, విద్యార్థి చేతికి చీపురు తప్ప వేఱొక పనిముట్టు వచ్చినదో లేదో విచారింపవలసి యుండును.